అమెరికా మహిళా కాలేజీలో అడిగితేనే దొరికేవి

స్మిత్, వెల్స్‌లీ, మౌంట్ హోలియోక్, బ్రిన్ మార్, బార్నర్డ్, స్క్రిప్స్. అమెరికాలో ఆడపిల్లల లిబరల్ ఆర్ట్స్ (సైన్సు, భాషలు, కళలు అన్నీ కలిపి చదివించే) కాలేజీలు అనగానే ముందుగా వినిపించే పేర్లివి. మేరీ లయన్ 1837లో మౌంట్ హోలియోక్ తెరిచింది. స్మిత్, వెల్స్‌లీ రెండూ 1875లో పాఠాలు మొదలుపెట్టాయి. బ్రిన్ మార్ 1885లో, బార్నర్డ్ 1889లో, స్క్రిప్స్ 1926లో వచ్చాయి. స్మిత్‌లో, వెల్స్‌లీలో విద్యార్థినులు రెండున్నర వేలకు అటూ ఇటూ. స్క్రిప్స్‌లో వెయ్యికి కాస్త పైన. ఇంత కొద్దిమందికి అంతమంది డీన్లు, నర్సులు, కౌన్సెలర్లు, లైబ్రేరియన్లు, రైటింగ్ ట్యూటర్లు ఉండటమే ఈ కాలేజీల అసలు ఆస్తి. వాళ్ల జీతాలు మీరు కట్టే ఫీజులోనే ఉన్నాయి.

అయితే వాళ్లెవరూ వచ్చి మీ గది తలుపు తట్టరు. అడగందే అమ్మైనా పెట్టదన్న మాట అక్కడ అక్షరాలా నిజం. పైగా అడగడానికి ఒక గడువు ఉంటుంది. అది దాటాక వెళితే ఎంత మంచి మనసున్న డీన్ అయినా చేయగలిగింది తక్కువే. ఏది ఎప్పుడు ఎవరిని అడగాలో, ఎక్కడ దెబ్బ తింటారో ఇక్కడ రాస్తున్నాను. కాలేజీని బట్టి చిన్న చిన్న తేడాలుంటాయి కాబట్టి చివరి మాట మీ కాలేజీ హ్యాండ్‌బుక్‌దే.

విమానం ఎక్కకముందే మొదలయ్యే పని టీకాల కాగితం. స్మిత్, వెల్స్‌లీ, మౌంట్ హోలియోక్ మూడూ మసాచుసెట్స్ రాష్ట్రంలోవి. అక్కడి నిబంధన ప్రకారం ఎం.ఎం.ఆర్. (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, చికెన్‌పాక్స్ రెండు, హెపటైటిస్ బి మూడు, టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా) ఒకటి ఉండాలి. వయసు 21 లేదా అంతకు తక్కువైతే, 16వ పుట్టినరోజు తర్వాత వేయించుకున్న మెనింజైటిస్ టీకా కూడా చూపించాలి. మన కార్డులు ఎక్కువగా తిరిగొచ్చేది ఎం.ఎం.ఆర్. దగ్గరే. మన దగ్గర తట్టు టీకా మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తారు. అక్కడేమో మొదటి పుట్టినరోజు నాడు గానీ ఆ తర్వాత గానీ వేసిన డోసునే లెక్కలోకి తీసుకుంటారు. ప్రభుత్వ టీకాల్లో వేసే ఎం.ఆర్.లో గవదబిళ్లల భాగమే ఉండదు. కార్డులో రెండు గీతలున్నాయని ధీమాగా ఉంటే కుదరదు. రెండు ఎం.ఎం.ఆర్. డోసుల మధ్య కనీసం 28 రోజులు ఉండాలి కాబట్టి బయల్దేరడానికి రెండు నెలల ముందే చూసుకోండి. హెపటైటిస్ బి మొదటినుంచీ వేయించుకోవాల్సి వస్తే మూడు డోసులకు మామూలుగా ఆరు నెలలు పడుతుంది. చిన్నప్పటి కార్డు పోయినవాళ్లు రక్తంలో యాంటీబాడీల పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పెట్టవచ్చు.

టీబీ పరీక్ష విషయంలో ఒక మాట. మనలో చాలామందికి పుట్టగానే బీసీజీ వేసి ఉంటారు. చర్మం మీద చేసే పరీక్ష ఆ టీకా వల్ల కూడా పాజిటివ్ చూపించగలదు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే, ఆపైన మందుల దాకా మాట వెళుతుంది. అందుకని క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్ష చేయమని మొదటే అడగండి. బీసీజీ దాని ఫలితాన్ని తారుమారు చేయదు. ఈ కాగితాలు పూర్తి కాకపోతే మీ పేరు మీద హోల్డ్ పెడతారు, కోర్సులకు రిజిస్టర్ కానివ్వరు.

కాలేజీ హెల్త్ సెంటర్‌లో నర్సును కలవడానికి చాలాచోట్ల విడిగా డబ్బు కట్టక్కర్లేదు. కానీ అక్కడ తీసిన రక్తం బయటి ల్యాబ్‌కు వెళితే ఆ బిల్లు ఇన్సూరెన్స్‌కు వెళుతుంది, మిగిలిన భాగం మీకొస్తుంది. ఏ పరీక్షకైనా ముందు 'ఇది ఇక్కడే చేస్తారా, బయటికి పంపుతారా' అని ఒక్క ప్రశ్న వేయండి. ఇండియాలో కొన్న ట్రావెల్ పాలసీ చూపించి కాలేజీ ఇన్సూరెన్స్ వద్దంటే సాధారణంగా ఒప్పుకోరు. పళ్లూ కళ్లజోడూ మామూలుగా కాలేజీ పాలసీలో ఉండవు కాబట్టి ఆ రెండూ ఇంటి దగ్గరే చూపించుకుని వెళ్లడం మంచిది. రాత్రిపూట జ్వరానికీ మెలిపడిన చీలమండకూ ఎమర్జెన్సీ రూమ్‌కు పరుగెత్తకండి. హెల్త్ సెంటర్ మూసేశాక కూడా నర్సుతో మాట్లాడే ఫోన్ లైన్ చాలా కాలేజీల్లో ఉంటుంది. అర్జెంట్ కేర్ (ప్రాణాపాయం లేని సమస్యలు చూసే క్లినిక్) సరిపోతుందో లేదో వాళ్లే చెబుతారు. బిల్లులో ఆ రెండింటికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

గదుల విషయం త్వరగా చెప్పేస్తాను. మంచం కొలత ట్విన్ ఎక్స్ఎల్, అంటే 38 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. మామూలు ట్విన్ దుప్పటి కొంటే మూల లేచిపోతూనే ఉంటుంది. కరెంటు 120 వోల్టులు. మన 230 వోల్టుల రైస్ కుక్కర్ అక్కడ పనిచేయదు, పనిచేసేది కొన్నా గదిలో పెట్టుకోనివ్వరు. కొవ్వొత్తులు, హాట్ ప్లేట్లు, మామూలు ఎక్స్‌టెన్షన్ తీగలు కూడా నిషేధమే. వంట చేయాలంటే కామన్ కిచెన్‌కు వెళ్లాలి. పోపు వేసేముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, వరండా వైపు తలుపు మూయండి. ఎండుమిరపకాయల పొగకు అలారం మోగితే అర్ధరాత్రయినా, మంచులోనైనా మొత్తం బిల్డింగ్ ఖాళీ చేయాల్సిందే. ఫైర్ ఇంజిన్ వస్తుంది, పేర్లు రాసుకుంటారు.

శాకాహారులు బోర్డు మీద కూరగాయల పేరు చూసి ఆగకూడదు. సూపులో చికెన్ స్టాక్, సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు, తీపి వంటకాల్లో జెలటిన్ ఉంటాయి. డైనింగ్ మేనేజర్‌కు మొదటి వారమే మీ నియమాలు మెయిల్‌లో రాసి, ఒకసారి ముఖాముఖి కలవండి. చిన్న కాలేజీ కావడంతో వాళ్లు పేరు గుర్తుపెట్టుకుంటారు, ఏ వరుసలో ఏది తినవచ్చో చూపిస్తారు.

ఇళ్లకు వెళ్లేంత దగ్గర లేని పిల్లలు మర్చిపోయే తేదీ ఒకటుంది. థాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్ సెలవులకు హాస్టళ్లు, డైనింగ్ హాళ్లు మూతపడటమో తగ్గిపోవడమో జరుగుతుంది. ఉండిపోవాలంటే ముందే ఫారం నింపాలి. గడువు దాటితే మీ ఐడీ కార్డుతో తలుపు తెరుచుకోదు. గది దొరికినా భోజనం దొరుకుతుందని అనుకోవద్దు, దాని గురించి విడిగా అడగండి.

ఇక చదువు. స్మిత్‌లో డిగ్రీకి 128 క్రెడిట్లు. మామూలు కోర్సు నాలుగు క్రెడిట్లు కాబట్టి సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు. వెల్స్‌లీలో కోర్సుకు ఒక యూనిట్ చొప్పున 32 యూనిట్లు. లెక్క వేరైనా బరువు ఒకటే. స్మిత్‌లో మొదటి ఏడాది రైటింగ్ కోర్సు తప్ప అందరికీ తప్పనిసరి సబ్జెక్టులు లేవు, అయితే 64 క్రెడిట్లు మీ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) డిపార్ట్‌మెంట్ బయట చేయాలి. ఇది వినడానికి స్వేచ్ఛగా ఉంటుంది. కానీ కిందినుంచి ఒక్కో మెట్టుగా కట్టిన కెమిస్ట్రీ, ఇంజినీరింగ్ లాంటి వాటిలో మొదటి సెమిస్టర్ వదులుకుంటే ఏడాది వెనకపడతారు. అందువల్ల సైన్స్ మీద సగం మనసు ఉన్నవాళ్లు కూడా మొదటి సెమిస్టర్‌లోనే ఒక సైన్సూ ఒక లెక్కలూ తీసుకోవడమే నా దృష్టిలో సరైన పని. మానేయడం తేలిక, వెనక్కి వచ్చి మొదలుపెట్టడం కష్టం.

వెల్స్‌లీలో మొదటి సెమిస్టర్ గ్రేడ్లు ట్రాన్స్‌క్రిప్ట్ మీద పడవు. పాస్ అయ్యారా లేదా అన్నదే పడుతుంది. అసలు గ్రేడు ఏమొచ్చిందో మీకు విడిగా చెబుతారు. దీన్ని షాడో గ్రేడింగ్ అంటారు. కొత్త చోట నిలదొక్కుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు ఇది. దాన్ని సరదాగా గడపడానికి వాడుకుంటే రెండో సెమిస్టర్‌లో తర్వాతి స్థాయి కోర్సు నేల మీద నిలబడనివ్వదు. ఆ నాలుగు నెలలూ కొత్త సబ్జెక్టు ప్రయత్నించడానికి, ప్రొఫెసర్ల ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను కలవడానికి వాళ్లు కేటాయించే వేళలకు) వెళ్లడం అలవాటు చేసుకోవడానికి వాడండి. ఆఫీస్ అవర్స్‌కు సందేహం లేకుండా వెళ్లకూడదని మన పిల్లలు ఆగిపోతారు. 'పోయిన హోంవర్క్‌లో మూడో లెక్క ఎందుకు తప్పయింది' అన్నంత చిన్న ప్రశ్న చాలు. రెండేళ్ల తర్వాత సిఫార్సు ఉత్తరం రాయాల్సింది ఆ మనిషే.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లకు గట్టిగా చెప్పాల్సిన సంగతి కోర్సు డ్రాప్. పూర్తి లోడ్ అంటే సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు, అంటే మూడు కోర్సులు. నాలుగు తీసుకుని ఒకటి మానేస్తే ఫర్వాలేదు. మూడే తీసుకుని ఒకటి మానేస్తే స్టేటస్ (విద్యార్థిగా దేశంలో ఉండే చట్టబద్ధ హోదా) పోతుంది. జబ్బు వల్ల తగ్గించుకోవాలంటే డాక్టరు గానీ లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టు గానీ ఉత్తరం ఇవ్వాలి. ఇంటర్నేషనల్ ఆఫీసులోని అధికారి దాన్ని చూసి సిస్టమ్‌లో అనుమతి నమోదు చేయాలి. ఆ తర్వాతే కోర్సు డ్రాప్ చేయాలి. వరుస తారుమారైతే సరిదిద్దడం చాలా కష్టం. రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో డ్రాప్ బటన్ పనిచేస్తుంది, మీ వీసా సంగతి దానికి తెలియదు.

పక్క కాలేజీల్లో కోర్సులు చేసుకునే సౌకర్యం ఈ కాలేజీల గొప్ప బలం. వెల్స్‌లీ పిల్లలు ఎంఐటీలో, బార్నర్డ్ పిల్లలు వీధి దాటి కొలంబియాలో, బ్రిన్ మార్ పిల్లలు హావర్‌ఫర్డ్, స్వార్త్‌మోర్‌లలో, స్క్రిప్స్ పిల్లలు పక్కనే నడిచి వెళ్లేంత దూరంలోని క్లేర్‌మాంట్ కాలేజీల్లో చదవవచ్చు. స్మిత్, మౌంట్ హోలియోక్ వాళ్లకు ఆమ్‌హెర్స్ట్ కాలేజీ, యూమాస్ ఆమ్‌హెర్స్ట్ బస్సు దూరంలో ఉన్నాయి. చిక్కంతా టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. రెండు కాలేజీల సెమిస్టర్ ఒకే రోజు మొదలవకపోవచ్చు, ఒకే రోజు ముగియకపోవచ్చు. పక్క కాలేజీలో పరీక్ష ఉండగానే మీ హాస్టల్ మూసేసే రోజు రావచ్చు. బస్సుకు అటో అరగంట, ఇటో అరగంట, మంచు పడితే ఇంకా ఎక్కువ. అందుకని ఆ క్లాసుకు ముందూ వెనకా ఒక్కో పీరియడ్ ఖాళీ ఉంచండి. శని, ఆదివారాల్లో, సెలవుల్లో బస్సులు బాగా తగ్గుతాయి. గ్రూప్ ప్రాజెక్టు ఉన్న కోర్సయితే ఆదివారం మీటింగులకు ఎలా వెళతారో ముందే ఆలోచించుకోండి.

ఆనర్ కోడ్, అంటే విద్యార్థులు పాటిస్తామని మాటిచ్చే నిజాయితీ నియమావళి గురించి ఆగి చెప్పాలి. బ్రిన్ మార్, మౌంట్ హోలియోక్ లాంటి చోట్ల చాలా ఫైనల్ పరీక్షలకు సమయం మీరే ఎంచుకుంటారు. ఇన్విజిలేటరు ఉండడు. ఐడీ చూపించి పేపరు తీసుకుని, చెప్పిన గదిలో కూర్చుని రాసి, గడువులోగా తిరిగి ఇస్తారు. ఇంత నమ్మకం పెట్టారంటే దాని వెనక నియమం కూడా అంతే గట్టిది. హాల్లోంచి బయటికి రాగానే 'పేపరెలా వచ్చింది?' అని అడగడం మనకు ఊపిరి తీసుకున్నంత సహజం. అక్కడ అది తప్పు. మీ స్నేహితురాలు అదే పేపరు రేపు రాయబోతుండవచ్చు. 'తేలికే' అన్న ఒక్క మాట కూడా సమాచారమే. ఫలానా పరీక్ష ఈరోజు రాశానని చెప్పడం కూడా మానేస్తే మంచిది. బ్రిన్ మార్‌లో గ్రేడ్ల గురించి కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదన్నది కోడ్‌లో భాగం. మార్కులు పోల్చుకోని వాతావరణం మొదట్లో వింతగా ఉన్నా, నాకు ఈ కాలేజీల్లో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

సమయం మీ చేతిలో ఉందని పరీక్షలన్నీ చివరి రెండు స్లాట్లకు నెట్టకండి. చివరి స్లాట్ రోజు జ్వరమొస్తే ఇక మిగిలిన స్లాటే లేదు. అప్పుడు డీన్ అనుమతితో ఇన్‌కంప్లీట్ (కోర్సు ఇంకా పూర్తి కాలేదన్న గుర్తు) తీసుకోవాల్సి వస్తుంది. చివరిది ఎప్పుడూ ఖాళీగా ఉంచుకోండి. ఏఐ టూల్స్ సంగతీ ఇదే కోవలోకి వస్తుంది. ఒక కోర్సులో ఒప్పుకున్నది ఇంకో కోర్సులో కోడ్ ఉల్లంఘన అవుతుంది. సిలబస్ కాగితంలో ఆ పేరా లేకపోతే ప్రొఫెసర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

రైటింగ్ సెంటర్‌కు వ్యాసం పూర్తయ్యాక వెళ్లేవాళ్లే ఎక్కువ. అప్పటికి ఆలస్యమైనట్టే. ట్యూటర్లు తప్పులు దిద్ది ఇవ్వరు. వాదన ఎక్కడ తెగిందో, రెండో పేరా మొదటిదానికి ఎందుకు అతకలేదో చూపిస్తారు. కాబట్టి గడువుకు నాలుగైదు రోజుల ముందు, ప్రొఫెసర్ వ్యాసానికి ఇచ్చిన ప్రశ్న, అర పేజీ ఆలోచనలు పట్టుకుని వెళ్లండి. మిడ్‌టర్మ్ వారంలో స్లాట్లు దొరకవు. సెమిస్టర్ మొదట్లోనే మూడు తేదీలు బుక్ చేసి పెట్టుకోవచ్చు.

వైకల్యం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య), దీర్ఘరోగం ఉన్నవాళ్లకు ఒకటిన్నర రెట్ల పరీక్ష సమయం, నోట్సు సాయం, విడి గది లాంటివి ఇస్తారు. రికార్డులు ఇంగ్లీషులో, డాక్టరు లెటర్‌హెడ్ మీద ఉండాలి. సాధారణంగా ప్రతి సెమిస్టర్ కొత్తగా ఉత్తరం తీసుకుని ప్రొఫెసర్లకు పంపాలి. ఇది వెనకటి తేదీ నుంచి వర్తించదు. తప్పిన పరీక్ష తప్పినట్టే, ఇవాళ ఉత్తరం వస్తే రేపటి నుంచే లెక్క.

క్యాంపస్ ఉద్యోగానికి చదువు నడుస్తున్నప్పుడు వారానికి గరిష్ఠంగా 20 గంటలు. లైబ్రరీలో 12, డైనింగ్‌లో 10 చేస్తే 22. రెండు బాసులకు ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ప్రభుత్వానికి అది ఉల్లంఘనే. ఉద్యోగం దొరికాక సోషల్ సెక్యూరిటీ నంబరుకు (జీతానికీ పన్నుకూ వాడే ప్రభుత్వ సంఖ్యకు) వెళ్లాలి. ఉద్యోగమిచ్చినవాళ్ల ఉత్తరం, ఇంటర్నేషనల్ ఆఫీసు ఉత్తరం, పాస్‌పోర్టు, ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చిన పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకెళ్లండి. దేశంలో దిగి పది రోజులు గడవకముందు వెళితే సిస్టమ్‌లో మీ వివరాలు కనిపించక వెనక్కి పంపే అవకాశం ఎక్కువ. మొదటి జీతం స్లిప్పులో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అనే పన్నుల పేర్లతో డబ్బు కోసి ఉంటే వెంటనే పేరోల్‌కు వెళ్లండి. మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లూ ఎఫ్-1 విద్యార్థులకు అవి వర్తించవు.

పన్ను విషయంలో రెండు తెలియాలి. ఆదాయం లేకపోయినా ఫారం 8843 పన్ను శాఖకు పంపాలి. జీతం ఉంటే 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ కూడా, గడువు ఏప్రిల్ 15. మిగతా దేశాల పిల్లలకు లేని స్టాండర్డ్ డిడక్షన్, భారత్ అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మనవాళ్లకు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో దేశం తప్పుగా నొక్కితే అది పోతుంది. పూర్తి స్కాలర్‌షిప్ వచ్చినవాళ్లు ఇంకొకటి గమనించాలి. ట్యూషన్‌కు ఇచ్చిన భాగానికి పన్ను లేదు, గదికీ భోజనానికీ ఇచ్చిన భాగానికి ఉంది. ఆ భాగంలో 14 శాతం పట్టుకుంటారు, అది సెమిస్టర్ బిల్లులో అర్థంకాని గీతలా కనిపిస్తుంది. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడిగితే లెక్క విప్పి చెబుతారు.

జీతంలేని వేసవి ఇంటర్న్‌షిప్‌కు కాలేజీయే డబ్బిచ్చే పద్ధతి స్మిత్‌లో ప్రాక్సిస్ పేరుతో, మౌంట్ హోలియోక్‌లో లింక్ పేరుతో ఉంది. దానికి గడువు వేసవికి చాలా ముందే ముగుస్తుంది, కాబట్టి క్రిస్మస్ సెలవుల్లోనే వెతకడం మొదలుపెట్టాలి. డబ్బు మంజూరైనంత మాత్రాన ఎఫ్-1 వాళ్లు పనిలో చేరకూడదు. అమెరికాలో చేసే ఇంటర్న్‌షిప్ అయితే సీపీటీ (చదువులో భాగంగా పనిచేసే అనుమతి) కావాలి. ఒక పూర్తి విద్యాసంవత్సరం గడిచి ఉండాలి, పని మేజర్‌కు సంబంధించినదై ఉండాలి, కొత్త ఐ-20 మీద తేదీలు అచ్చయ్యాకే మొదటి రోజు. మేజర్ ఎంచుకునేటప్పుడు డిపార్ట్‌మెంట్ పేరు కాక దాని సీఐపీ కోడ్ (చదువు రంగాలకు ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) ఏమిటో అడగండి. ఎకనామిక్స్‌కు కొన్ని కాలేజీలు 45.0603 కోడ్ వాడతాయి. అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉంది కాబట్టి 12 నెలల ఓపీటీ (చదువుకు సంబంధించిన పని అనుమతి, ఎక్కువగా డిగ్రీ అయ్యాక) మీద ఇంకో 24 నెలలు అడగవచ్చు. మామూలు ఎకనామిక్స్ కోడ్ అయితే ఆ అవకాశం లేదు.

కౌన్సెలింగ్ గురించి మన ఇళ్లలో ఇంకా చాలా జంకు ఉంది. ఆ రికార్డు ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి రాదు, ప్రొఫెసర్లకు కనిపించదు. కాలేజీలో ఇచ్చేది ఎక్కువగా కొద్ది వారాల సాయం, తర్వాత బయటి వాళ్ల దగ్గరికి పంపుతారు. అది ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లేనా అని అడగండి. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు, 988 అనే సంక్షోభ సాయం నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. లైంగిక వేధింపుల విషయంలో ఎవరికి చెబుతున్నారన్నది ముఖ్యం. కౌన్సెలర్, హెల్త్ సెంటర్ నర్సు, చాప్లిన్ మామూలుగా రహస్యం కాపాడగలరు. ప్రొఫెసరు, హాస్టల్ బాధ్యతలు చూసే సీనియర్ అక్క ఎంత ఆప్తులైనా టైటిల్ నైన్ ఆఫీసుకు (లైంగిక వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూసే కాలేజీ విభాగానికి) చెప్పాల్సిన బాధ్యత వాళ్లకు ఉండవచ్చు. ఆ ఆఫీసుకు తెలిసినంత మాత్రాన విచారణ మొదలైపోదు, మీకేం కావాలో అడుగుతారు. అయినా ముందుగా ఎవరితో మాట్లాడాలన్నది మీ చేతిలోనే ఉండాలి.

అమ్మానాన్నలకు చివరిగా ఒక మాట. ఫెర్పా అనే విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టం వల్ల కాలేజీలో చేరిన అమ్మాయి గ్రేడ్లు ఆమె అనుమతి లేకుండా సాధారణంగా మీకు చెప్పరు, ఫీజు మొత్తం మీరే కట్టినా. ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో మాత్రం మీకు ఫోన్ చేయగలరు. బిల్లులు మీకు కనిపించాలంటే అమ్మాయి తన ఖాతాలోంచి మిమ్మల్ని అధికారిక చెల్లింపుదారుగా చేర్చాలి. గ్రేడ్లు కూడా చూడాలనుకుంటే అనుమతి పత్రం విడిగా ఇవ్వాలి. ఇవ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఇచ్చాక మనసు మారితే రిజిస్ట్రార్‌కు రాసిచ్చి వెనక్కి తీసుకోవచ్చు.